పేరు మారని బండి

భీమారావు జీపు బానెట్ ఎత్తి, కిరసనాయిలులో ముంచిన గుడ్డతో పంపు మీది జిడ్డు తుడుస్తున్నాడు. నెలల తరబడి మట్టీ నూనే కలిసి పేరుకున్న పొర అది. నాలుగుసార్లు గుడ్డ తిప్పి తిప్పి రుద్దాక వేలెడు రేకు ముక్క బయటపడింది. దాని మీద అంకెలు పొడిచి ఉన్నాయి. భీమారావు టార్చి నోట కరుచుకుని, ఒక్కొక్క అంకెనూ వేలితో తడుముతూ చదివాడు. చదివి, టార్చి ఆర్పి, ఏమీ మాట్లాడకుండా బీడీ వెలిగించుకున్నాడు.

మెకానిక్కు మాట్లాడకుండా బీడీ వెలిగించాడంటే బండిగలవాడికి సగం ప్రాణం అక్కడే పోతుంది. డాక్టరు దగ్గరా ఇంతే గానీ, డాక్టరు కనీసం బీడీ కాల్చడు.

“ఏటిరా, సెప్పవేం?” అన్నాడు కొండలరావు.

“నీకు కంపెనీ నుంచి చిట్టీ రాలేదా?”

“ఏ కంపెనీ? ఏ చిట్టీ?”

ఇద్దరూ రాయపూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీ రైల్వే బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళే. ఇద్దరి తండ్రులూ విజయనగరం వైపు నుంచి వచ్చి, వ్యాగన్లు బాగుచేసే వర్కుషాపులో సుత్తి పట్టినవాళ్ళే. భీమారావు భన్‌పురి రోడ్డు మీద డీజిలు పంపుల షెడ్డు పెట్టుకున్నాడు. కొండలరావు జీపు నడుపుకుంటున్నాడు. పొద్దున్నే ఆరింటికి కాలనీ వెనక బస్తీలో పదకొండు మందిని ఎక్కించుకుని తిల్దాలో బియ్యం మిల్లుకు చేర్చడం, సాయంత్రం తిరిగి తెచ్చి దించడం అతని పని. లోకల్ రైలు ఆలస్యమైతే మిల్లు గేటు మూసేస్తారు, ఆ రోజు కూలి పోతుంది. అందుకని వాళ్ళంతా కొండలరావు జీపునే నమ్ముకున్నారు. ఆ సోమవారం సాయంత్రం వాళ్ళను దించేసి, పొద్దుట స్టార్టు చేస్తే బండి రెండుసార్లు దగ్గుతోందని చూపించడానికి వచ్చాడు.

“ఈ దగ్గు ఏం కాదు. ఫిల్టర్ మారిస్తే పోతాది,” అన్నాడు భీమారావు. “ఈ నంబరు పంపే మంచిది కాదు. లోపల ఒక రబ్బరు చుట్టు ఉంటాది, మన ఉంగరమంత. ఇంజను అదుపు తప్పి తిరక్కుండా చూసే గుండ్లని అది పట్టుకుంటాది. ఈ లాటులో వేసిన రబ్బరు ఖరాబ్. డీజిల్లో నాని నాని పొడుం అయిపోతాది. ఆ పొడుం పోయి, డీజిలు వెనక్కెళ్ళే సందులో అడ్డం పడిందంటే ఖతం. ఇంజను బంద్.”

“ముందుగా తెలీదేటి?”

“తెలీదు. దగ్గదు, మూలగదు. నడుస్తూ నడుస్తూ ఆగిపోతాది. మళ్ళీ ఎంత తిప్పినా స్టార్టవదు. పంపు విప్పాల్సిందే.” భీమారావు బీడీ బూడిద రాల్చాడు. “పోయిన వారం ధమ్తరీ రోడ్డు మీద ఒకటి ఇలాగే ఆగిపోయింది. వెనక ట్రక్కువాడు చూసుకోలేదు. దాన్ని తేవడానికి నేనే పోయాను. డ్రైవరు బతికాడు.”

“మిగతావోళ్ళు?”

భీమారావు ఆ మాట వినపడనట్టు బానెట్ దించాడు. దించి, మిగతా సంగతి చెప్పాడు. కంపెనీ తప్పు ఒప్పుకుందట. ఈ నంబరు నుంచి ఈ నంబరు దాకా పంపులన్నీ వెనక్కి తీసుకుని ఊరికే కొత్తవి బిగిస్తుందట. బండిగలవాళ్ళందరికీ రిజిస్టరు ఉత్తరాలు పంపింది. ఆ ఉత్తరమూ, ఆర్.సి. బుక్కులో పేరున్న మనిషి సంతకమూ చూపిస్తే నాగపూరు నుంచి పంపు తెప్పిస్తారు. వారం పడుతుంది.

“బుక్కు ఎవరి పేర ఉంది?”

“రామమూర్తి బాబాయి పేర.”

“ఇంకా మార్పించలేదా?” అన్నాడు భీమారావు, నవ్వు రాని మొహంతో.

మార్పించలేదు. దసరా నాడు దేవేంద్ర నగర్‌లో రామమూర్తిగారు డబ్బు పుచ్చుకుని, తన చేత్తో బండికి పసుపు రాసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, తాళాలు కొండలరావు చేతిలో పెట్టి, “మనవాడివని ఇస్తున్నాను, బాగుపడు” అన్నారు. అలా అన్న మనిషిని మర్నాడే “కాగితాల మీద సంతకం పెట్టండి” అని ఎవరడుగుతారు? అడిగితే ఆయన్ని నమ్మనట్టు. రాయపూర్లో మనవాళ్ళ మధ్య బళ్ళు ఇలాగే చేతులు మారతాయి. హిందీవాడి దగ్గర కొంటే అణా పైసలతో రాయించుకునే మన మహానుభావులు, తెలుగువాడి దగ్గర కొనేటప్పటికి మొహమాటానికి పోతారు. పెద్దాయన మాటే పత్రం అనుకుంటారు. కొండలరావూ అలాగే అనుకున్నాడు. అందుకే ఉత్తరం వెళ్ళాల్సిన చోటికే వెళ్ళింది. బండే వేరే చోట ఉంది.

అతను అటునుంచి అటే దేవేంద్ర నగర్ వెళ్ళాడు. ప్రతి కూడలి దగ్గరా ఇంజను మోత మీదే చెవి పెట్టి నడిపాడు. రామమూర్తిగారు ఇంట్లో లేరు. బెజవాడలో కూతురి దగ్గరికి వెళ్ళారు, గురువారం వస్తారు. ఆయన భార్య సుభద్రమ్మ కుర్చీ వేసి టీ ఇచ్చింది.

“పిన్నిగారూ, బండి కంపెనీ నుంచి ఏదైనా ఉత్తరం వచ్చిందా అండి?”

సుభద్రమ్మ ఖాళీ కప్పు అందుకోబోతూ ఒక్క క్షణం ఆగింది.

“ఉత్తరమా? అవన్నీ ఆయనే చూసుకుంటారు నాయనా. ఆయన్నే అడుగు,” అని కప్పు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. కొండలరావు చెప్పులు వేసుకునేదాకా మళ్ళీ బయటికి రాలేదు.

మంగళవారం పొద్దున పొగమంచు. బస్తీ మొదట్లో చలిమంట చుట్టూ మూగిన మనుషులు జీపు లైట్లు చూసి లేచారు. పైడమ్మ ఎప్పటిలాగే ముందు సీట్లో కూర్చుంది. ఆమెకు అరవై దగ్గరపడుతున్నాయి, మోకాళ్ళు వంగవు, అందుకని ముందు సీటు ఆమెదే. వెనక రెండు బల్లల మీద తాయారమ్మా, బస్తాలు కుట్టే పరదేశీ, మిగతావాళ్ళూ మోకాళ్ళకు మోకాళ్ళు తగిలేలా సర్దుకున్నారు. టిఫిను డబ్బాలు కాళ్ళ మధ్య పెట్టుకున్నారు. తాయారమ్మ ఎవరి మొగుడి గురించో ఏదో అంది. అందరూ నవ్వారు.

కొండలరావు నవ్వలేదు. రాత్రి కంటి మీద కునుకు లేదు. మానేద్దామా అని వెయ్యిసార్లు అనుకున్నాడు. కానీ కోతలయ్యాక వచ్చే ఈ మూడు నెలలే మిల్లుకు అసలు పని. వారం రోజులు బండి ఆపితే వీళ్ళు సూరిబాబు మేటాడోర్ వ్యాన్ ఎక్కేస్తారు. ఒకసారి ఎక్కితే మళ్ళీ దిగరు. సూరిబాబు ఆ ఛాన్సు కోసమే చూస్తున్నాడు. పోనీ చెప్పేద్దామా? చెబితే ఎవరెక్కుతారు? గురువారం దాకా ఓపిక పడితే ఉత్తరం చేతికొస్తుంది. ఆ తర్వాత వారంలో పంపు వస్తుంది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా ఎందుకు? ఇలా తనకు తనే నచ్చజెప్పుకున్నాడు. మనిషి తనకు తను నచ్చజెప్పుకున్నంత తేలిగ్గా ఇంకెవరికీ నచ్చజెప్పలేడు.

రోడ్డు మీద ట్రక్కులు వెనకనుంచి వచ్చి లైట్లు మీద పోస్తున్నాయి. ఒక్కొక్క ట్రక్కు దగ్గరికి వచ్చినప్పుడల్లా కొండలరావు వీపు బిగుసుకుపోతోంది. ఇప్పుడు ఆగితే? అతను రోడ్డు దిగి మట్టి మార్జిను మీద ఒక పక్క చక్రాలు పెట్టి నడిపాడు. జీపు ఎగిరెగిరి పడింది.

“ఏటి బాబూ, రోడ్డు వొగ్గేసి గోతుల్లో తోల్తన్నావు?” అంది పైడమ్మ.

“మంచు అప్ప. ట్రక్కులోళ్ళకి అగుపడదు.”

“నిజవేలే,” అంది పైడమ్మ, మెచ్చుకోలుగా. “ఒల్లు దగ్గరెట్టుకుని తోల్తావు. అందుకే నీ బండెక్కితే బయ్యం ఉండదు.”

ఆ మాటకు అతను స్టీరింగు ఇంకాస్త మార్జిను వైపు తిప్పాడు.

సిలియారీ దగ్గర రైలు గేటు వచ్చింది. రెండు లైన్లు. బొంబాయి నుంచి కలకత్తా పోయే బళ్ళన్నీ ఆ పట్టాల మీదే పోతాయి. గేటు తీసే ఉంది. ఏ బండీ రానప్పుడే గేటు తీస్తారని అతనికి తెలుసు. రైల్వే వాళ్ళింట పుట్టినవాడు, ఆ మాత్రం తెలియదా? కానీ జీపు పట్టాల మధ్య ఆగిపోతే, పదకొండు మందినీ దింపి, నెట్టి, అవతలకు చేర్చే లోపల ఏమొస్తుందో ఏ గేట్‌మనూ చెప్పలేడు. మొదటి గేరు వేశాడు. యాక్సిలేటరు గట్టిగా తొక్కి ఉంచాడు. ముందు చక్రాలు మొదటి పట్టా ఎక్కి దిగాయి. రెండో పట్టా. వెనక చక్రాలు. తర్వాత రెండో లైను. తాయారమ్మ వెనకనుంచి ఏదో అడుగుతోంది, వినపడలేదు. అవతల తారు రోడ్డు తగిలాక గానీ యాక్సిలేటరు మీద కాలు సడలించలేదు.

“సేతులు అలగ ఒణుకుతన్నాయేటి?” అంది పైడమ్మ.

“సలి అప్ప.”

ఆమె తన పాత ఊలు మఫ్లరు విప్పి అతని ఒళ్ళో పడేసింది. అతను దాన్ని మెడకు చుట్టుకోలేదు, తిరిగీ ఇవ్వలేదు. తిల్దా చేరేదాకా అది ఒళ్ళోనే ఉంది.

సాయంత్రం అందరినీ దించాక భీమారావు షెడ్డుకు వెళ్ళాడు. భీమారావు ఒక ఉపాయం చెప్పాడు. ఇంజను ఆగిపోతే కంగారు పడి న్యూట్రల్ చెయ్యకూడదు. మొదటి గేరులోనే ఉంచి, క్లచ్చి వదిలేసి, తాళం తిప్పి పట్టుకోవాలి. ఇంజను స్టార్టవకపోయినా బ్యాటరీ బలంతో స్టార్టరే బండిని నాలుగైదు గజాలు లాగుతుంది. పట్టాల మీంచి తప్పించుకోవడానికి అది చాలు. బ్యాటరీ నిండుగా ఉండాలి, అంతే.

వర్కుషాపు గోడ పక్క మైదానంలో కొండలరావు అదే పని సాధన చేశాడు. ఇంజను ఆపడం, గేరులో ఉంచి తాళం తిప్పడం. ఊరికే తిప్పితే స్టార్టయిపోతుందని డీజిలు ఆపే మీట లాగి పట్టుకున్నాడు. జీపు ఎక్కిళ్ళు పెడుతూ గజం, రెండు గజాలు కదిలేది. అది ఖాళీ జీపు. పదకొండు మంది ఉంటే? పట్టాల కింద పరిచే స్లీపరు దుంగల పాత ముక్కలు వర్కుషాపు పారేసినవి మైదానంలో పడున్నాయి. వాటిని మోసుకొచ్చి వెనక బల్లల మీద పేర్చాడు. మళ్ళీ తిప్పాడు. గజం కదిలి, మూలిగి ఆగింది. ఇంకోసారి తిప్పాడు. అర గజం. స్టార్టరు కాలిన వాసన వచ్చింది. ఒక లైను దాటడానికి ఎన్ని గజాలు కావాలో అతనికి తెలుసు. అడుగులేసి కొలిచాడు కూడా. చాలదు.

స్లీపరు ముక్కలు ఒక్కొక్కటే దించి ఇంటికి వెళ్ళాడు.

ఇంట్లో భార్య కోటమ్మ పెట్టె ముందేసుకుని కూర్చుంది. ఆమె చెల్లెలికి కొడుకు పుట్టాడు. బుధవారం తిల్దాలో బారసాల.

“రేపు మీ బండిలోనే వచ్చేస్తాను. పైడమ్మప్ప పక్కన సర్దుకుంటాను,” అంది.

“వద్దు.”

“ఏం?”

“చోటు లేదు. తొమ్మిది గంటల రైలెక్కించేస్తాను.”

“పదకొండు మందికి ఉన్న చోటు నాకు లేదా?” అంది కోటమ్మ. నవ్వుతూనే అంది, కానీ అతని మొహం చూసి నవ్వు ఆపేసింది. “ఏమైంది?”

“ఏటీ కాలేదు. సలిలో నీకెందుకని.”

పెళ్ళై పదేళ్ళలో చలి గురించి అతను ఎప్పుడూ ఇంత దయ చూపించలేదు. కోటమ్మ పెట్టె మూసేసింది. బుధవారం తిల్దాలో అందరినీ దించి, ఖాళీ బండితో గబగబా తిరిగొచ్చి, అతనే స్టేషనుకు తీసుకెళ్ళి, టిక్కెట్టు కొని, కిటికీ పక్క కూర్చోబెట్టి వచ్చాడు. రైలు కదిలినప్పుడు గుండె మీంచి బరువు దిగినట్టయింది. ఆ బరువు ఎందుకు దిగిందో అతను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే మర్నాడు బండి తియ్యగలిగేవాడు కాదేమో.

ఆ సాయంత్రం భీమారావు పంపు మీద చిన్న బోల్టు విప్పాడు. డీజిలు వెనక్కు వెళ్ళే దారి అక్కడే. కింద తెల్ల గుడ్డ పట్టాడు. నాలుగు చుక్కల డీజిలు పడింది. గుడ్డ వెలుతురుకు ఎత్తి చూపించాడు. మిరియం పగలగొడితే రాలే పొడిలా నల్లటి నలుసులు. మూడు. కాదు, నాలుగు.

“మొదలైంది,” అన్నాడు.

“ఎన్ని రోజులు?”

“నాకేం తెలుసురా? రేపే కావచ్చు, హోలీ దాకా నడవొచ్చు.” ఆ నలుసులను గోటితో నలిపాడు. అవి రబ్బరులా సాగలేదు, మసిలా అంటుకున్నాయి. “కొండలూ, రేపటినుంచి ఆపెయ్. నా మాట విను.”

“రేపు ఆయన వస్తాడు. ఉత్తరం చేతికొస్తాది,” అన్నాడు కొండలరావు.

“ఉత్తరం బిగిస్తావేట్రా పంపు బదులు?”

కొండలరావు తాళాలు తీసుకుని బండెక్కాడు. గురువారం కూడా బండి తీశాడు. తన పక్క తలుపు పూర్తిగా మూయకుండా, దూకడానికి వీలుగా వారగా ఉంచి నడిపాడు. గేటు దగ్గర పైడమ్మ చూడకుండా ఆమె వైపు తలుపు గడియ కూడా తీసి పెట్టాడు. తేలు కుట్టిన దొంగలా కుట్టిన చోటు రుద్దుకోలేక, అరవలేక, రానూ పోనూ నాలుగు లైన్లు దాటించాడు. ఏమీ కాలేదు.

ఆ సాయంత్రం రామమూర్తిగారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. ఉక్కు ఫ్యాక్టరీ ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనాయన. తెలుగువాళ్ళ పెళ్ళి అయినా, చావు అయినా ముందు ఆయన్నే పిలుస్తారు. కొండలరావు మెట్ల మీద కూర్చున్నాడు. ఉత్తరం సంగతి ఎత్తగానే ఆయన లేచి లోపలికి వెళ్ళి, వెతుక్కోకుండానే తెచ్చారు. బీరువాలో ఎక్కడుందో ఆయనకు తెలుసు.

కవరు చింపి ఉంది. కొండలరావుకు ఇంగ్లీషు అంతగా రాదు. కానీ తారీకులు చదవడానికి ఇంగ్లీషు రానక్కర్లేదు. ఉత్తరం సెప్టెంబరు నెలది. దసరా అక్టోబరులో వచ్చింది.

అతను ఆ తారీకు మీద బొటనవేలు పెట్టి అలాగే కూర్చున్నాడు. లోపల గుమ్మం పక్కన సుభద్రమ్మ చీర చెంగు కనిపిస్తోంది. ఆమె ముందుకు రాలేదు, వెనక్కు పోలేదు.

“నేను రెండేళ్ళు నడిపానయ్యా దాన్ని,” అన్నారు రామమూర్తిగారు. “ఏమీ కాలేదు కదా. కంపెనీలు ఇలాంటివి వంద రాస్తుంటాయి. ఊరికే నిన్ను భయపెట్టడం ఎందుకని చెప్పలేదు. చూడు, ఉత్తరం జాగ్రత్తగా దాచి ఉంచాను కూడాను.”

కొండలరావుకు ఒళ్ళంతా మండింది. ఈయన చేతులతోనే పసుపు రాశాడు. ఈయనే బాగుపడమన్నాడు. గొంతు దాకా వచ్చిన మాటలు బయట పడితే ఎంత బావుండేది. కానీ ఎదురుగా కూర్చున్నది తన పెళ్ళిలో అక్షింతలు వేసినాయన. కొండలరావు కాగితం ముందుకు జరిపాడు.

“సంతకం పెట్టండి బాబాయిగారూ,” అన్నాడు.

ఆయన పెట్టారు. ఇంటి పేరుతో సహా, ముత్యాల్లాంటి అక్షరాలు. కంపెనీ షోరూమ్ మూసేసే వేళకు వెళ్ళి అర్జీ ఇచ్చాడు కొండలరావు. అర్జీ తీసుకుని ఉత్తరం మీద ముద్ర వేసి తిరిగిచ్చారు. వచ్చే గురువారానికి పంపు వస్తుందన్నారు. అతని చేతిలోకి అన్నీ వచ్చాయి, ఒక్క పంపు తప్ప. రాత్రంతా మంచం మీద పడుకుని, వరండాలో అనలేని మాటలన్నీ చీకట్లో అనుకున్నాడు. ఆ కోపంలో భయం కొంచెం వెనక్కు తగ్గింది. కోపంతో వచ్చే సుఖం అదే.

శుక్రవారం పొగమంచు ఇంకా చిక్కగా ఉంది. సిలియారీ గేటు మూసి ఉంది. గూడ్సు రావాలట. ముందు ఒక ఎడ్లబండి, వెనక రెండు ట్రక్కులు. కొండలరావు ఇంజను ఆపలేదు. ఆపితే మళ్ళీ అందుకుంటుందో లేదో. స్టీరింగు మీద చేతులు పెట్టి ఆ మోత వింటూ కూర్చున్నాడు.

“ఏటి బాబూ, నాలుగు రోజుల్నించి మడిసివి మడిసిలాగ లేవు?” అంది పైడమ్మ.

అంత ఆప్యాయంగా అడిగేసరికి అతనికి కట్ట తెగింది. వెనక్కు తిరిగి, అందరికీ వినపడేలా చెప్పేశాడు. పంపు సంగతి, రబ్బరు సంగతి, ధమ్తరీ రోడ్డు మీద ఆగిన జీపు సంగతి, దసరా నాటి నిమ్మకాయల సంగతి. జేబులోంచి ఉత్తరం తీసి తారీకు చూపించాడు.

“సూడండి. ముందే వచ్చినాది. సదూకున్నాడు, బీరువాలో పెట్టుకున్నాడు, అప్పుడు నన్ను పిలిసి తాళాలిచ్చినాడు. నాను పది మందిని ఎక్కించుకుంటానని తెల్దా ఆయనకి? తెలిసీ నోరు మెదపనేదు.”

“ఎంత పెద్ద మడిసయితే మాత్రం,” అంది తాయారమ్మ. “ఇంత ఘోరవా?”

“అలాంటోణ్ణి నలుగుర్లో నిలబెట్టి అడగాల,” అన్నాడు పరదేశి. “మేవూ వస్తాం పద. ఆదివారం అందరం పోదాం.”

కొండలరావుకు ప్రాణం లేచొచ్చింది. ఇన్ని రోజులకు తన బాధ నలుగురు పంచుకున్నారు. “ఏటనుకున్నాడు? మనవి పేణాలు కావా? కూలోళ్ళవని గదా, సచ్చినా అడిగేవోడు లేడని గదా,” అన్నాడు. అన్నకొద్దీ గొంతు పెరిగింది. ఉత్తరం పట్టుకున్న చెయ్యి ఊపుతున్నాడు.

పైడమ్మ మాత్రం చెంగుతో ముందు అద్దం మీది ఆవిరి తుడుస్తోంది. తుడవడం ఆపకుండానే అడిగింది.

“నీకెప్పుడు తెలిసినాది బాబూ?”

“సోమవారం,” అన్నాడు కొండలరావు.

అనేశాక ఆ మాట అతనికే వినిపించింది.

వెనక పరదేశి వేళ్ళు మడుస్తున్నాడు. మంగళవారం, బుధవారం, గురువారం. అంతలో గూడ్సు వచ్చింది. ఒకటి తర్వాత ఒకటి బొగ్గు వ్యాగన్లు, మంచులోంచి వచ్చి మంచులోకి పోతున్నాయి. నేల అదిరింది, జీపు అదిరింది. ఆ హోరులో ఏం చెప్పినా వినపడదు. అది ఎంతసేపైనా అలా పోతూనే ఉంటే బావుండునని కొండలరావు కోరుకున్నాడు. గార్డు పెట్టె వెళ్ళిపోయింది.

“నిన్న తిల్దా నించి ఒచ్చినాక కుళాయి కాడ కోటమ్మ సెప్పినాది,” అంది తాయారమ్మ నెమ్మదిగా. “మా ఆయనకి నా మీద ఎంత పేమో, సలి పెడతాదని రైలెక్కించినాడు అనీసి. మేవు నవ్వుకున్నాం.”

“ఏటీ కానేదు గదప్ప,” అన్నాడు కొండలరావు, పైడమ్మ వైపు తిరిగి. “వచ్చే గురువారానికి పంపు వచ్చేస్తాది. ఏటీ కానేదు గదా…”

పైడమ్మ గడియ తీసింది. మోకాళ్ళు పట్టుకుని, ఒక కాలు, తర్వాత ఇంకో కాలు కిందికి దించింది. వెనక బల్లల మీంచి ఒక్కొక్కరే దిగారు. ఎవరూ తిట్టలేదు. పరదేశి దిగేటప్పుడు డబ్బాలు అందరికీ అందించాడు. తాయారమ్మ కింద పడ్డ ఎవరిదో శాలువా తీసి దులిపింది. రోజూ మిల్లు దగ్గర దిగినట్టే దిగారు, రోజూ మాట్లాడుకునే మాటలు మాత్రం లేవు.

గేటు లేచింది. ఎడ్లబండి కదిలింది. ఆ వెనక పదకొండు మందీ పట్టాలు దాటడం మొదలుపెట్టారు. రెండో లైను దగ్గర పైడమ్మ జబ్బ తాయారమ్మ పట్టుకుంది. వెనక ట్రక్కు హారను కొట్టింది. మళ్ళీ కొట్టింది. కొండలరావు గేరు వేశాడు.

నాలుగు రోజులుగా భయపడుతూ దాటుతున్న పట్టాలే. కానీ ఇవాళ ఒక్కడే. ఇన్ని రోజులూ వాళ్ళ నవ్వులూ, డబ్బాల చప్పుడూ, వీపుకు తగిలే మోకాళ్ళూ అతనికి తోడున్నాయి. భయం ఒక్కడిదే అయినా మనుషులు పక్కనున్నారు. ఇప్పుడు ఖాళీ బల్లలు టకటకా కొట్టుకుంటున్నాయి. మొదటి పట్టా, రెండో పట్టా. రెండో లైను. జీపు ఆగలేదు. ఏ ఇబ్బందీ లేకుండా అవతల తారు రోడ్డు ఎక్కింది.

వాళ్ళు రోడ్డు వారగా నడుస్తున్నారు. తిల్దా ఇంకా చాలా దూరం. నడిచి చేరేసరికి మిల్లు గేటు మూసేస్తారని వాళ్ళకూ తెలుసు. కొండలరావు వాళ్ళ వెనకే నడక వేగంతో పోనిచ్చాడు. ఎక్కండి అనడానికి నోరు రావడం లేదు, వదిలి పోవడానికి కాలు ఆడడం లేదు. పైడమ్మ కుంటుతోంది. ఆ మోకాళ్ళతో ఆమె ఎంతదూరమని నడవగలదు? ఎవరైనా ఒక్కరు వెనక్కు తిరిగి చూస్తే చాలు, ఆపేద్దామనుకున్నాడు.

ఇంజను మోత వెంటవస్తూనే ఉండడంతో ముందు తాయారమ్మ, తర్వాత మిగతావాళ్ళు రోడ్డు దిగి గడ్డిలోకి జరిగారు. పైడమ్మ ఆగింది. వెనక్కు తిరిగింది. కొండలరావు గబుక్కున ఆమె కూర్చునే వైపు తలుపు తోసి పట్టుకున్నాడు.

ఆమె తలుపు వైపు చూడలేదు. బానెట్ వైపు చూస్తోంది.

“మా ఎనకమాల రాకు నాయినా,” అంది. గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టే ఉంది. “ముందు నువ్వెల్లిపో. నువ్వు ఎనకుంటే మాకు బయ్యవేస్తంది.”

కొండలరావు తలుపు వేసుకున్నాడు. వాళ్ళంతా గడ్డిలో నిలబడి, అతను దాటిపోయేదాకా కదలలేదు.